కేసెట్‌లో మిగిలిన సినిమాను హెడ్ దగ్గరే పట్టుకోవాలి: సీఎక్స్ కార్డు, వీహెచ్ఎస్-డీకోడ్ సమీక్ష

నెగెటివ్ జాడ లేదు. ప్రింటు ఏమైందో ఎవరూ చెప్పలేరు. యూట్యూబ్‌లో ఉన్నది వీసీడీ నుంచి దించి, సాగదీసి, మూలన ముద్ర వేసిన మసక బొమ్మ. ఇలాంటి తెలుగు సినిమాలు చాలానే ఉన్నాయి. వాటిలో కొన్నింటికి మిగిలిన మంచి ఆధారం ఏ తిరుచానూరులోనో, పుంగనూరులోనో అటక మీద పడివున్న వీహెచ్ఎస్ కేసెట్ ఒక్కటే. ఆ కేసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి సీఎక్స్ కార్డు (కొనెక్సెంట్ సీఎక్స్ చిప్పు ఉన్న టీవీ ట్యూనర్ రకం కంప్యూటర్ కార్డు), దానికి తోడు వీహెచ్ఎస్-డీకోడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎంతవరకు పనికొస్తాయి, ఎక్కడ చేతులెత్తేస్తాయి, తిరుపతిలో ఉండి ఈ పని చేయాలంటే ఏమేం సమకూర్చుకోవాలి అన్నది ఇక్కడ రాస్తున్నాం. తీర్పు ముందే చెప్పేస్తాం: అరుదైన సినిమాకు ఇదే సరైన దారి. పెళ్లి కేసెట్‌కు ఇంత శ్రమ అక్కర్లేదు.

మిగతా దారుల గురించి క్లుప్తంగా. చవగ్గా దొరికే యూఎస్‌బీ డాంగుల్‌ను సినిమా కేసెట్ దగ్గరికి రానివ్వకండి. కేసెట్ నుంచి వచ్చే సిగ్నల్‌లో లైన్లు అటూ ఇటూ వణుకుతుంటాయి. దాన్ని సరిచేసే ఏర్పాటు డాంగుల్‌లో ఉండదు. సింక్ తప్పినప్పుడల్లా ఫ్రేములు వదిలేస్తుంది, రెండో సగానికి వచ్చేసరికి మాట ఒకచోట, పెదవి ఒకచోట. తెల్లటి పంచె మీద మడతలు మాయమై ఒకే తెలుపుగా మారిపోతాయి. రెండో దారి, లైన్ టీబీసీ (వణికే లైన్లను నిలబెట్టే సర్క్యూట్) ఉన్న ఎస్-వీహెచ్ఎస్ డెక్కు (మెరుగైన రకం వీసీఆర్), ఎస్-వీడియో తీగ, మంచి క్యాప్చర్ కార్డు, వర్చువల్‌డబ్ అనే సాఫ్ట్‌వేర్. 720×576 సైజులో, 4:2:2 రంగుతో, హఫ్‌వైయూవీ లాంటి నష్టం లేని కోడెక్‌లో (బొమ్మను కుదించి దాచే పద్ధతిలో) పట్టుకుంటే గంటకు 30 జీబీ చిల్లర అవుతుంది. ఇది గౌరవనీయమైన పద్ధతి, ఇంట్లో తీసుకున్న వీడియోలకు చక్కగా సరిపోతుంది. చిక్కల్లా ఆ డెక్కు దొరకడమే. ప్రపంచంలో వీసీఆర్‌ల తయారీ 2016లో పూర్తిగా ఆగిపోయింది. ఇప్పుడు చేతులు మారుతున్నవన్నీ పాతవే.

సీఎక్స్ పద్ధతి వేరే చోట మొదలవుతుంది. వీహెచ్ఎస్ టేపు మీద బొమ్మ బొమ్మగా ఉండదు. పాల్ (మన దేశపు టీవీ ప్రమాణం) పద్ధతిలో వెలుతురు భాగం 3.8 నుంచి 4.8 మెగాహెర్ట్జ్ మధ్య ఎఫ్ఎం తరంగంగా, రంగు భాగం 627 కిలోహెర్ట్జ్ దగ్గరికి దించిన మరో తరంగంగా టేపుకెక్కుతాయి. హెడ్లు బిగించిన 62 మిల్లీమీటర్ల డ్రమ్ము నిమిషానికి 1500 చుట్లు తిరుగుతూ, చుట్టుకో ఫ్రేము చొప్పున వీటిని చదువుతుంది. ఆ తర్వాత వీసీఆర్ లోపలి సర్క్యూట్లు దాన్ని విప్పి, మెత్తబరిచి, అంచులకు పదును పెట్టి, ఊడిన చోట్ల పై లైనును అతికించి, అప్పుడు బయటికి పంపుతాయి. ముప్పై నలభై ఏళ్ల కిందటి ఆ సర్క్యూట్ చేసిన నిర్ణయాలు ఇక వెనక్కి తీసుకోలేం. సీఎక్స్ కార్డు హెడ్ ఆంప్లిఫయర్ నుంచి వచ్చే ముడి ఆర్ఎఫ్ సిగ్నల్‌నే (ఇంకా విప్పని ఆ తరంగాలనే) సెకనుకు 2.86 కోట్ల నమూనాలుగా, 8 బిట్లలో రాసుకుంటుంది. విప్పడం, లైన్లు నిలబెట్టడం, రంగు విడదీయడం అన్నీ తర్వాత సాఫ్ట్‌వేర్ చేస్తుంది. లేజర్‌డిస్కుల కోసం పుట్టిన ఎల్‌డీ-డీకోడ్ నుంచి పాయగా వచ్చిందే వీహెచ్ఎస్-డీకోడ్.

దీనివల్ల కలిగే అసలు లాభం బొమ్మ నాణ్యత ఒక్కటే కాదు. పాత కేసెట్ ఇంకా ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పలేం. ఒక్కసారి శుభ్రంగా తిప్పి ఆర్ఎఫ్ ఫైలు దాచుకుంటే, సాఫ్ట్‌వేర్ మెరుగైన ప్రతిసారీ ఆ ఫైలునే మళ్లీ విప్పుకోవచ్చు. టేపు ముట్టుకునే పని లేదు. అభిమానులు చేసే పునరుద్ధరణలో ఇంతకన్నా విలువైన హామీ మరొకటి లేదని మా అభిప్రాయం.

కార్డు ఎంపికలో మోసపోయే చోటొకటి ఉంది. కావలసింది కొనెక్సెంట్ సీఎక్స్23880 నుంచి 23883 వరకు, లేదా సీఎక్స్25800 చిప్పు. 2000ల్లో మన దగ్గర కంప్యూటర్లలో పెట్టుకున్న పీసీఐ టీవీ ట్యూనర్ కార్డుల్లో కొన్నింటిలో ఇది ఉంటుంది. అదే కంపెనీ పేరుతో ఫ్యూజన్ 878ఏ అని రాసి ఉన్న చిప్పు కూడా కనిపిస్తుంది, అది పనికిరాదు. ఫిలిప్స్ ఎస్ఏఏ7134 ఉన్నదీ అంతే. పేరు చూసి కాదు, చిప్పు మీది నంబరు చూసి కొనండి. లైనక్స్‌లో (విండోస్‌కు బదులు వాడే ఉచిత వ్యవస్థ) కార్డుల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ ఆదేశం ఇస్తే 14ఎఫ్1:8800 అని కనిపించాలి. కొత్తగా తయారైన పీసీఐ-ఎక్స్‌ప్రెస్ రకం కార్డులు చైనా నుంచి వస్తాయి. 2020 నవంబరులో అలీఎక్స్‌ప్రెస్ యాప్ నిషేధంలోకి వెళ్లాక అవి నేరుగా తెప్పించుకోవడం కష్టమైంది, విదేశాల్లో ఉన్న బంధువులు తేవాల్సిందే. అందుకే ముందు పాత సామాను వెతకమంటాం. తిరుపతిలో పాత డెస్క్‌టాప్‌లు అమ్మే చోట దొరక్కపోతే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఒక పూట తిరగడం మేలు. పీసీఐ స్లాటు ఉన్న మదర్‌బోర్డు, బీఎన్‌సీ సాకెట్లు, కవచమున్న సన్నటి ఆర్‌జీ316 తీగ, కెపాసిటర్లు అన్నీ ఒకే వీధిలో వెతుక్కోవచ్చు.

ఇక వీసీఆర్. ఇక్కడ ఖరీదైన డెక్కు అక్కర్లేదు, ఎందుకంటే దాని బొమ్మ సర్క్యూట్లను మనం వాడుకోవడం లేదు. కావలసింది అరగని హెడ్లు, టేపును నలపని యంత్రభాగం. మామూలు వీసీఆర్ చాలు, సర్వీస్ మాన్యువల్ దొరికే మోడల్ అయితే మరీ మంచిది. మూత తీస్తే బోర్డు మీద పీబీ ఎఫ్ఎం, ఆర్ఎఫ్, ఎన్వలప్ లాంటి పేర్లతో టెస్ట్ పాయింటు (సిగ్నల్ కొలవడానికి వదిలిన చోటు) ఉంటుంది. దానికి వరుసలో 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి టంకం వేసి, అక్కడి నుంచి ఆర్‌జీ316 తీగను వెనక బిగించిన బీఎన్‌సీ సాకెట్‌కు తేవాలి. కెపాసిటర్ పెట్టేది డీసీ వోల్టేజి కార్డులోకి పోకుండా ఆపడానికి. తీగ కవచాన్ని టెస్ట్ పాయింటుకు దగ్గర్లోని గ్రౌండుకే కలపాలి, దూరంగా ఛాసిస్‌కు కలిపితే బొమ్మ మీద గీతలు పాకుతాయి. ప్లగ్గు తీసేసినా పవర్ సప్లై లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. 230 వోల్టుల కరెంటును డీసీగా మారిస్తే వచ్చే సంఖ్య అది. ఈ పని తెలియనివాళ్లు టీవీ మెకానిక్ చేత చేయించుకోవాలి. టెస్ట్ పాయింటు ఫొటో చూపిస్తే అనుభవమున్నవాళ్లకు పెద్ద పని కాదు.

మన ఊళ్లో కేసెట్లకు అసలు శత్రువు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడే ఈశాన్య రుతుపవనాల వాన. ఆ తేమకు అటక మీది టేపు అంచుల వెంట తెల్లటి బూజు పడుతుంది. కేసెట్ కిటికీలోంచి చూస్తే రీలు పక్కభాగం మీద పొడిలాగానో దారాల్లాగానో కనిపిస్తుంది. అలాంటిది మంచి వీసీఆర్‌లో పెట్టారంటే బూజు డ్రమ్ముకు అంటి, తర్వాత పెట్టే ప్రతి కేసెట్‌కూ పాకుతుంది. ముక్కుకు మాస్కు కట్టుకుని, కేసెట్ అడుగున ఉన్న ఐదు మరలు విప్పి, రీళ్లను ఆరుబయట పొడిబట్టతో తుడిచి, బూజు లేని వేరే డబ్బాలోకి మార్చాలి. ఆ తర్వాత పారేసినా బాధలేని మరో వీసీఆర్‌లో చివరిదాకా ముందుకు, మళ్లీ మొదటికి ఒకసారి చుట్టాలి. ఏళ్లతరబడి ఒకే బిగువులో ఉన్న రీలు అలా సర్దుకుంటుంది. టేపు తెగితే సెల్లోటేపు వాడకండి, ఎండకు దాని జిగురు కరిగి హెడ్‌కు పడుతుంది. స్ప్లైసింగ్ టేపును వెనకవైపే, అంటే హెడ్ తగలని వైపే అంటించాలి.

హెడ్ తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, తెల్ల కాగితం ముక్క చాలు. తడిపిన కాగితాన్ని డ్రమ్ముకు ఆనించి కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్మును పైనుంచి మెల్లగా తిప్పాలి. కాగితాన్ని పైకీ కిందికీ రుద్దితే హెడ్ విరిగిపోతుంది. దూది పుల్ల వద్దే వద్దు, పీచు చిక్కుకుంటుంది. రబ్బరు రోలరు, దాని పక్కనుండే ఇనుప కడ్డీ కూడా తుడవండి. టేపు జారి శబ్దం సాగడానికి ఎక్కువసార్లు కారణం అవే.

క్యాప్చర్ సంగతి. డ్రైవర్ పేరు సీఎక్స్‌ఏడీసీ, దీన్ని లైనక్స్ కోసం రాశారు. విండోస్ తప్ప ఎరగనివాళ్లకు ఇది మొదటి మెట్టు, కాస్త ఎత్తైన మెట్టే. సిగ్నల్ ఏ ఇన్‌పుట్‌లోకి వస్తోందో తెలియకపోతే డ్రైవర్‌లోని వీమక్స్ (ఇన్‌పుట్‌ను ఎంచుకునే) విలువను 0 నుంచి 3 వరకు మార్చి చూడాలి. లెవెల్ (సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే) విలువ 0 నుంచి 31 దాకా ఉంటుంది. తరంగం పైనా కిందా తెగిపోనంతవరకే పెంచాలి. తెగిన సిగ్నల్‌తో పడిన ఫైలును ఏ సాఫ్ట్‌వేరూ బాగు చేయలేదు. సినిమాలో అన్నిటికన్నా వెలుతురున్న సీను దగ్గర, చీకటి సీను దగ్గర రెండు చోట్లా చూసి ఖాయం చేయండి. ట్రాకింగ్‌ను ఆటోలో వదలకుండా చేత్తో సరిచేసి ఉంచాలి. మధ్యలో వీసీఆర్ తనంతట తాను సర్దుకోబోతే ఆ నాలుగైదు సెకన్ల బొమ్మ పోతుంది.

చోటు బాగా తింటుంది. గంటకు 103 జీబీ. రెండున్నర గంటల సినిమాకు 257 జీబీ పైమాట. ఫ్లాక్ పద్ధతిలో కుదిస్తే నష్టమేమీ లేకుండా సుమారు సగానికి దిగుతుంది. ఈ పనిలో కార్డు కన్నా హార్డ్ డిస్కులకే ఎక్కువ ఖర్చు. రాసే వేగం సెకనుకు 28.6 ఎంబీ, మామూలు డిస్కుకు అది లెక్కలోది కాదు. అయితే పెన్‌డ్రైవ్‌లోకో, సగం నిండిన సిస్టమ్ డిస్కులోకో రాస్తే మధ్యలో ఆగుతుంది, ఆగినచోట నమూనాలు పోతాయి. ఆ డిస్కును ఈ పనికే కేటాయించండి. యూపీఎస్ తప్పనిసరి. టేపు డ్రమ్ముకు చుట్టుకుని ఉన్నప్పుడు కరెంటు పోతే, తిరిగొచ్చేటప్పుడు కొన్ని వీసీఆర్‌లు టేపును నమిలేస్తాయి. ఎర్తింగ్ సరిగా లేని ప్లగ్గులో వీసీఆర్, కంప్యూటర్ చెరోచోట పెట్టినా హమ్ గీతలు (కరెంటు మోత వల్ల వచ్చేవి) వస్తాయి. రెండింటినీ ఒకే బోర్డు మీద నడపాలి.

శబ్దం విషయంలో ఈ పద్ధతి బలహీనమని ఒప్పుకోవాలి. మన సినిమా కేసెట్లలో ఎక్కువ వాటికి అంచు మీది మోనో ట్రాకే దిక్కు. పాల్‌లో టేపు సెకనుకు 23.39 మిల్లీమీటర్లే కదులుతుంది కాబట్టి పై స్థాయి స్వరాలు అందులో పెద్దగా నిలవవు. ఆ మోనో ట్రాకు ఆర్ఎఫ్‌లో రాదు, వీసీఆర్ ఆడియో సాకెట్ నుంచి సౌండ్ కార్డులోకి విడిగా పట్టాలి. రెండు కార్డుల గడియారాలు వేర్వేరు గనుక సినిమా చివరికి శబ్దం బొమ్మకు దూరమవుతుంది. రెండింటినీ ఒకే గడియారం మీద నడిపే క్లాక్‌జెన్ అనే మార్పు ఒకటి ఉంది. అది లేకపోతే మొదట్లో ఒకచోట, చివర్లో ఒకచోట పెదవి కలిపి చూసి, ఆ తేడా మేరకు ఆడియోను సాగదీయాలి. హైఫై కేసెట్ (శబ్దం కూడా డ్రమ్ము హెడ్లతో ఎక్కినది) అయితే 1.4, 1.8 మెగాహెర్ట్జ్ తరంగాలను రెండో కార్డుతో పట్టి హైఫై-డీకోడ్‌తో విప్పవచ్చు.

విప్పడం నిదానంగా సాగుతుంది. 150 నిమిషాల సినిమాలో 2,25,000 ఫ్రేములుంటాయి. మీ కంప్యూటర్ సెకనుకు ఐదు ఫ్రేములు విప్పితే పన్నెండున్నర గంటలు. అందుకే మొదట రెండు నిమిషాల ముక్క విప్పి, విప్పిన ఫ్రేములను చూపే ఎల్‌డీ-అనలైజ్ సాఫ్ట్‌వేర్‌లో చూసి, రంగు నిలిచింది, లైన్లు నిలిచాయి అని నమ్మకం కుదిరాకే మొత్తం రాత్రికి వదలాలి. వెలుతురుకొక ఫైలు, రంగుకొక ఫైలు వస్తాయి. లైనుకు 1135 నమూనాలు. వాటిని నష్టం లేని ఎఫ్ఎఫ్‌వీ1 కోడెక్‌తో ఎంకేవీగా మార్చుకుని దాచుకోవాలి.

ఫలితం ఎలా ఉంటుంది? నిలువు గీతలు నిలువుగా ఉంటాయి. తలుపు చట్రం, గుడి స్తంభం, పేర్ల అక్షరాల అంచు, వీటిలో వణుకు పోవడం మొదట కనిపించే తేడా. వీసీఆర్ పెట్టే కృత్రిమ పదును లేకపోవడంతో మొహాల చుట్టూ తెల్ల అంచు ఉండదు. మొదటి చూపుకు బొమ్మ కాస్త మెత్తగా, చుక్కలు చుక్కలుగా అనిపిస్తుంది. అదే అసలు సిగ్నల్. హెడ్ అరిగినదైతే, టేపు మీది పొర రాలిపోయి ఉంటే, ఈ పద్ధతీ అద్భుతాలు చేయదు. పాట సీన్ల దగ్గర దెబ్బ ఎక్కువగా కనిపిస్తుంది. వెనక్కి తిప్పి చూసిందీ, పాజ్ పెట్టిందీ అక్కడే. పాజ్‌లో హెడ్లు ఒకే చోటును సెకనుకు 50 సార్లు రుద్దుతాయి.

బొమ్మ చేతికొచ్చాక చేయాల్సిన పనుల్లో అన్నిటికన్నా ముందు, సెన్సార్ సర్టిఫికెట్‌ను ఆపి చదవండి. దాని మీద సినిమా నిడివి మీటర్లలో ఉంటుంది. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 27.43 మీటర్లు నడుస్తుంది. ఉదాహరణకు 4,115 మీటర్లని ఉంటే థియేటర్లో 150 నిమిషాలు. పాల్ కేసెట్‌లో 24 ఫ్రేముల సినిమాను 25 వేగంతో నడిపారు కాబట్టి అది 144 నిమిషాలు రావాలి. మీ కేసెట్ 131 నిమిషాలే ఉంటే పదమూడు నిమిషాలు ఎవరో కోసేశారు. సాధారణంగా పోయేది కామెడీ ట్రాకో, ఒక పాటో. ఇంకో కంపెనీ కేసెట్ వెతకాలి.

ఆ 25 వేగం వల్ల గొంతులు దాదాపు ముప్పావు అర్ధస్వరం మేర పైకి లేస్తాయి. ఘంటసాల, సుశీల గొంతులు చెవిలో నిలిచిపోయినవాళ్లకు ఆ తేడా తెలిసిపోతుంది. వేగాన్ని 24కు దించితే బొమ్మా, శ్రుతీ రెండూ తమ చోటికి వస్తాయి. ఇది ఫిల్ము నుంచి ఎక్కిన కేసెట్ గనుక రెండు ఫీల్డులూ (సరి లైన్ల సగం, బేసి లైన్ల సగం) ఒకే ఫ్రేమువి. కళ్లు మూసుకుని డీఇంటర్లేస్ (ఫీల్డులను విడదీసి ఒక్కోదాన్ని ఫ్రేముగా మార్చడం) చేయకండి, నిలువు వివరం సగం పోతుంది. ఫ్రేము ఫ్రేముగా జరిపి చూస్తే కదలికలో దువ్వెన పళ్లు కనిపించకపోతే అలాగే వదలండి. కనిపిస్తే ఒక ఫీల్డు పక్కకు జరిగి ఉంటుంది, ఫీల్డులను జత చేసే ఫిల్టర్ వాడాలి. క్యూటీజీఎంసీ లాంటి డీఇంటర్లేస్ ఫిల్టర్లు వీడియో కెమెరాతో తీసిన వాటికి.

కేసెట్ మీద నుంచి కేసెట్‌కు కాపీ కొట్టినదైతే రంగు బొమ్మ కన్నా కొన్ని లైన్లు కిందికి జారి ఉంటుంది. ఎర్రచీర అంచు నేల మీదికి కారినట్టు కనిపిస్తే అదే గుర్తు. రంగును రెండు నుంచి నాలుగు లైన్లు పైకి జరపండి. అడుగున హెడ్లు మారేచోట వచ్చే చిందరవందర లైన్లను నల్లగా కప్పండి గాని కోసేసి బొమ్మను సాగదీయొద్దు. తెలుగులో స్కోప్ (వెడల్పు తెర) సినిమాలు 1974 నుంచి వచ్చాయి. ఆ కేసెట్లలో పేర్లు పడేటప్పుడు మనుషులు సన్నగా పొడుగ్గా, కథ మొదలయ్యాక పక్కలు కోసుకుపోయి ఉండటం మామూలే. పేర్ల భాగం వరకు వెడల్పు సరిచేయవచ్చు. కోసిన పక్కలు తిరిగి రావు. అడుగున పరుగెత్తే దుకాణాల ప్రకటనలు, కంపెనీ ముద్రలు కూడా అంతే. ఏఐతో వాటిని చెరిపి, మొహాలు నున్నగా చేసి పెట్టే వెర్షన్లను పునరుద్ధరణ అనడం మాకు ఒప్పదు. లేని వివరాన్ని అది ఊహించి గీస్తుంది, నటుడి మొహం నటుడిది కాకుండా పోతుంది. రెండో కేసెట్‌లో ప్రకటన లేని చోటు ఉంటే అక్కడి ఫ్రేములు తెచ్చి అతికించడం నిజాయితీ గల పని.

వీసీడీ ఉంటే పారేయకండి. బొమ్మ 352×288, సెకనుకు 1150 కిలోబిట్లు, అంటే కేసెట్ కన్నా నిలువు వివరం సగమే. కానీ అందులోని 224 కిలోబిట్ల శబ్దం చాలాసార్లు కేసెట్ మోనో ట్రాకును మించి ఉంటుంది. పాల్ వీసీడీ అయితే అదీ 25 వేగమే గనుక బొమ్మ కేసెట్‌ది, శబ్దం వీసీడీది కలుపుకోవచ్చు. గీతలు పడ్డ వీసీడీ మామూలు డేటా సీడీ కన్నా త్వరగా మొండికేస్తుంది. సినిమా ఎక్కువ పట్టాలని అదనపు తప్పుదిద్దే బిట్లను అందులో వదిలేశారు. తక్కువ వేగంతో, రెండు మూడు వేర్వేరు డ్రైవ్‌లలో చదివించి చూడండి.

ఇదంతా చేసే తీరిక లేనివాళ్లు ఊళ్లో కేసెట్లను పెన్‌డ్రైవ్‌కు ఎక్కించే స్టూడియోలకు ఇస్తారు. ఇచ్చేముందు కేసెట్ వెనక అంచున ఉండే ప్లాస్టిక్ పలక విరిచేయండి, పొరపాటున రికార్డు కాకుండా ఉంటుంది. ఎంపీ4 ఒక్కటే ఇస్తామంటే వద్దనండి. 576 లైన్లు, ఇంటర్లేస్ అలాగే ఉంచి, నష్టం లేని ఫైలు కూడా కావాలని అడగండి. ఆ మాట అర్థం చేసుకున్నవాళ్లకే కేసెట్ ఇవ్వండి. ఎవరికిచ్చినా అరుదైన సినిమాను డాంగుల్‌తో తిప్పనివ్వొద్దు.

పంచుకునే విషయంలో చట్టం తెలుసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు హక్కులు విడుదలైన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు. 1964లో విడుదలైన సినిమాకు 2024 డిసెంబరు 31తో ఆ గడువు తీరింది. పాటల సాహిత్యం, సంగీతం హక్కులు వేరుగా నడుస్తాయి. గడువు తీరని సినిమా అయితే నిర్మాత వారసులను వెతికి, శుభ్రం చేసిన కాపీ ఒకటి వారికిచ్చి, అనుమతి అడగండి. ఆర్ఎఫ్ ఫైలు, ఎఫ్ఎఫ్‌వీ1 ఫైలు, కేసెట్ డబ్బా మీది అట్ట రెండు వైపులా స్కాన్, ఏ వీసీఆర్‌తో ఏ లెవెల్‌లో పట్టారో రాసిన చిన్న టెక్స్ట్ ఫైలు, అన్నిటికీ చెక్‌సమ్ (ఫైలు చెడలేదని తేల్చే సంఖ్య), వీటిని రెండు డిస్కుల్లో ఉంచి, ఒకటి వేరే ఇంట్లో పెట్టండి. కేసెట్‌ను మొదటికి తిప్పి, నిలువుగా, సిలికా జెల్ పొట్లంతో మూత బిగిసే డబ్బాలో పెట్టాలి. ఆ పొట్లాన్ని వానాకాలం ముందు మార్చాలి.